స్లో కుక్కర్‌లో వెచ్చని ఫ్రూట్ క్రిస్ప్: ఏ పాత్రలో, ఏ పండుతో, పైన ఏం వేసి?

ఫ్రూట్ క్రిస్ప్‌లో ఉండేవి రెండే. అడుగున బెల్లమో చక్కెరో పట్టి మెత్తగా ఉడికిన పండు ముక్కలు, వాటి మీద ఓట్సు, పిండి, వెన్న కలిపి కాల్చిన కరకరలాడే పొర. అమెరికాలో దీన్ని ఎక్కువగా ఆపిల్‌తో చేస్తారు. వేడి వేడిగా గిన్నెలోకి తీసుకుని, పైన ఐస్‌క్రీమ్ వేసుకుని తింటారు. గుడ్డు అక్కర్లేదు, ఈస్టు అక్కర్లేదు, పిండి పొంగుతుందో లేదో అన్న బెంగ ఉండదు. కేకు జోలికి పోని ఇళ్లలో కూడా ఇది చక్కగా కుదురుతుంది.

చిక్కంతా ఒక్కచోటే. పండుకు తడిగా, నిదానంగా తగిలే వేడి కావాలి. పైపొరకు పొడిగా, గట్టిగా తగిలే సెగ కావాలి. మొదటిది కరెంటుతో నడిచే స్లో కుక్కర్ ఇచ్చినంత బాగా ఇంకేదీ ఇవ్వదు. రెండోది దాని చేతిలో లేనేలేదు. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయన దీని తొలి రూపానికి 1940లో పేటెంట్ పొందాడు. 1971లో రైవల్ కంపెనీ క్రాక్‌పాట్ పేరుతో దాన్ని బజారులోకి తెచ్చింది. చిక్కుళ్లు, మాంసం పులుసులు గంటల తరబడి ఉడికించడానికి పుట్టిన పాత్ర అది. ఆవిరి బయటికి పోకుండా మూత కిందే తిరగాలన్నది దాని పద్ధతి. అదే ఆవిరి నీటిబొట్లయి మన ఓట్సు మీద రాలుతుంది. ఏ పండు ఎంచుకోవాలి, పైపొర ఎలా వేయాలి అన్నవన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి.

ఎప్పుడు తింటారో మీకు తెలుసా?

పాత్ర ఎంచుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. ధర, సైజు, బ్రాండు ఆ తర్వాతి సంగతి.

తిరుపతిలో కాపురమున్న వాళ్లకు ఇది మరీ ముఖ్యం. చుట్టాలు దర్శనానికి వస్తారు, మన ఇంట్లో దిగుతారు, తెల్లవారుజామునే కొండెక్కుతారు. సెల్‌ఫోన్లు డిపాజిట్ చేసి క్యూలోకి వెళ్లాక వాళ్లు ఎక్కడున్నారో అడిగే దారి కూడా ఉండదు. మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చేస్తాం వదినా అని చెప్పి వెళ్లినవాళ్లు సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరొచ్చు. అలాంటి రోజు ఓవెన్‌లో చేసిన క్రిస్ప్ నిరుపయోగం. చల్లారితే పైపొర మెత్తబడుతుంది, మళ్లీ వేడి చేస్తే కింద పండు ఎండిపోతుంది. స్లో కుక్కర్‌లో అయితే పండు ఉడికాక బటన్‌ను ‘వార్మ్’కి తిప్పి వదిలేయొచ్చు. రెండు మూడు గంటలు అదే వెచ్చదనంతో ఉంటుంది. వాళ్లు స్నానాలు చేసి, అన్నాలు తిని కూర్చున్నప్పుడు గిన్నెల్లోకి వడ్డించడమే. ఎప్పుడొస్తారో తెలియని మనుషుల కోసం చేసే తీపికి ఇంతకంటే మంచి పాత్ర నాకు తెలియదు.

భోజనం వేళ మీ చేతుల్లోనే ఉందనుకోండి. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నలుగురు కూర్చుంటారు, అంతే. అప్పుడు ఓటీజీనే (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) మేలు, అందులో నాకు అనుమానం లేదు. 180 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు పెడితే కింద పండు రసం బుడగలు కక్కుతుంది, పైన పొర బంగారు రంగు తిరుగుతుంది. ఆ కరకర స్లో కుక్కర్‌లో నేరుగా రాదు. వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే మే నెలలో తిరుపతి వంటింటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బయట 40 డిగ్రీలు దాటిన రోజున 1500 వాట్ల ఓటీజీని ముప్పావు గంట వెలిగిస్తే ఆ గదిలో ఇంకో పని చేయలేం. స్లో కుక్కర్ 200 వాట్ల చుట్టుపక్కల వాడుకుంటుంది. ‘హై’లో (త్వరగా ఉడికించే అమరిక) మూడు గంటలు పెట్టినా 0.6 యూనిట్ అవుతుంది. ఓటీజీ వేడెక్కే పది నిమిషాలు కూడా కలిపితే సుమారు గంట. మధ్యమధ్యలో దానంతటదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి అదీ ఒక యూనిట్ లోపే కావచ్చు. కాబట్టి కరెంటు బిల్లు చూసి నిర్ణయించాల్సిన పని లేదు. తేడా అంతా గదిలోకి వచ్చే సెగలోనే. స్లో కుక్కర్‌ను వరండాలో ఒక స్టూలు మీద పెట్టినా దాని పని అది చేసుకుంటుంది.

ఈ రెండూ లేని ఇల్లే ఎక్కువ. ఆ ఇంటికి నా సలహా ఒకటే: ఈ తీపి కోసమని స్లో కుక్కర్ కొనకండి. మందపాటి అడుగున్న గిన్నెలో, మూత పెట్టి, సన్నసెగ మీద పండు ముక్కలు ఇరవై నిమిషాల్లో ఉడుకుతాయి. పక్క పొయ్యి మీద బాణలిలో పైపొర వేయించుకోవచ్చు. అరగంటలో తీపి సిద్ధం. రుచిలో ఓటీజీకి దగ్గరగానే వస్తుంది. మధ్యమధ్యలో కలపాలి, పొయ్యి దగ్గర నిలబడాలి, అదొక్కటే ఖర్చు. ఆ నిలబడే ఓపిక లేనివాళ్లకు, వారానికి నాలుగు రోజులు పప్పో రాజ్మానో పాయానో నిదానంగా వండుకునే అలవాటున్నవాళ్లకు స్లో కుక్కర్ పెట్టుబడి గిట్టుబాటవుతుంది.

ప్రెషర్ కుక్కర్‌ను మాత్రం ఈ పనికి వాడకండి. రెండు విజిల్స్‌కే ఆపిల్ గుజ్జయిపోతుంది. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లలో ‘స్లో కుక్’ అని ఒక బటన్ ఉంటుంది. అది వాడొచ్చు, కానీ వాటిలో వేడి అడుగు నుంచే వస్తుంది. అసలు స్లో కుక్కర్‌లో మట్టి కుండ చుట్టూ గోడల నుంచి కూడా వస్తుంది. కాబట్టి ఆ బటన్‌ను హై మీద పెట్టి, నేను కింద చెప్పే సమయాలకు అరగంటో ముప్పావు గంటో కలుపుకోండి. ప్రెషర్ మూత బదులు సరిపోయే గాజు మూత పెట్టండి.

కొనాలనే నిశ్చయించుకుంటే మూడు విషయాలు చూడండి. మొదటిది ఆకారం. లోతుగా గుండ్రంగా ఉన్నదానికంటే వెడల్పుగా కోలగా ఉన్నది మంచిది. పైపొర పలచగా పరుచుకుంటుంది, పండు సమానంగా ఉడుకుతుంది. ఆరుగురికి మూడు, మూడున్నర లీటర్లది సరిపోతుంది. కుండ సగమైనా నిండకపోతే అంచులు మాడతాయి కాబట్టి ముగ్గురున్న ఇంట్లో ఆరు లీటర్లది దండగ. రెండోది, గుండ్రంగా తిప్పే నాబ్ ఉన్నదే తీసుకోండి. కరెంటు పోయి వస్తే నాబ్ ఉన్నది మళ్లీ దానంతటదే పని మొదలెడుతుంది. డిజిటల్ వాటిలో చాలావరకు ఆగిపోయి మన కోసం ఎదురుచూస్తాయి. మనం బయటికెళ్లి ఉంటే పండు అలాగే పచ్చిగా కూర్చుంటుంది. మూడోది, ‘వార్మ్’ తప్పనిసరిగా ఉండాలి. అది లేని స్లో కుక్కర్ మన చుట్టాల సంగతికి పనికిరాదు.

ఇంకొక మాట, ఇది ప్రమాదం గురించి. పిల్లలు అమెరికా నుంచి తెచ్చిచ్చిన స్లో కుక్కర్లు మన ఊళ్లో చాలా ఇళ్లలో అటక మీద ఉన్నాయి. అవి 120 వోల్టులవి. మన ప్లగ్గులో 230 వోల్టులుంటాయి. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ పెట్టినంత మాత్రాన వోల్టేజి తగ్గదు. కుక్కర్ కాలిపోతుంది, అంతకంటే పెద్ద నష్టమూ జరగొచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే వాడండి. అది కుక్కర్ వాట్లకు రెట్టింపు సామర్థ్యమున్నదై ఉండాలి. 250 వాట్ల కుక్కరుకు 500 వీఏది తీసుకోండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టే డబ్బు కంటే ఇక్కడ దొరికే చిన్న స్లో కుక్కర్‌కే ఇంకొంచెం పెట్టడం మేలేమో లెక్క వేసుకోండి.

పండు: తోతాపురికే నా ఓటు

క్రిస్ప్ అంటే ఆపిలే అనుకుని మన ఊళ్లో ఏప్రిల్‌లో కిలో రెండొందలు పెట్టి, ఎప్పుడో కోసి కోల్డ్ స్టోరేజీలో దాచిన ఆపిల్ కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా అంటేనే మామిడి. దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్లకు జూన్, జూలైల్లో ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు తోతాపురి వస్తుంది. పల్లెల్లో బెంగళూరా అంటారు. అందులో సింహభాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. 2025లో దిగుబడి పోటెత్తి ధర పడిపోతే కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 అని నిర్ణయించాల్సి వచ్చింది. అంత కాయ మన గుమ్మం ముందు ఉన్నప్పుడు సిమ్లా వైపు చూడక్కర్లేదు.

చవక ఒక్కటే కారణం కాదు. ఈ వంటకు తోతాపురి గుణమే సరిపోతుంది. కండ గట్టిది, పీచు తక్కువ, తీపి మితం, పులుపు కొంచెం మిగిలే ఉంటుంది. మూడు గంటలు ఆవిరిలో ఉన్నా ముక్క ముక్కలాగే నిలుస్తుంది. అమెరికా వాళ్లు క్రిస్ప్ కోసం పుల్లటి, గట్టి ఆకుపచ్చ ఆపిల్‌ను వెతికేది సరిగ్గా ఈ గుణాల కోసమే. కాయను ఎంచేటప్పుడు పూర్తిగా పండినది వద్దు. దోరగా, ముక్కు దగ్గర ఇంకా ఆకుపచ్చ ఉండి, నొక్కితే కాస్త మాత్రమే లొంగేది తీసుకోండి. చెక్కు తీసి అంగుళం ముక్కలుగా కోయండి. కిలో ముక్కలకు హైలో రెండు గంటలు, ‘లో’లో (నిదానంగా ఉడికించే అమరిక) మూడున్నర నుంచి నాలుగు గంటలు చాలు.

బంగినపల్లి అలా కాదు. బేనీషా అని కూడా పిలిచే ఇది కోసుకుని తినడానికి పుట్టిన పండు. తీపి ఎక్కువ, కండ మెత్తన. స్లో కుక్కర్‌లో గంట దాటితే జామ్ అయిపోతుంది. దాన్నే వాడాలని ఉంటే రెండు దారులున్నాయి. తోతాపురి ముక్కలు మూడు వంతులు వేసి ఉడికించి, చివరి ఇరవై నిమిషాల్లో బంగినపల్లి ముక్కలు ఒక వంతు కలపడం ఒకటి. దీనిలో నిలుపుదల తోతాపురిది, వాసన బంగినపల్లిది. రెండోది, మొత్తం బంగినపల్లితోనే చేసి, హైలో ముప్పావు గంటకే ఆపేయడం. మొదటి దారే నాకు నచ్చుతుంది. సీజను చివర్లో వచ్చే నీలం కాయ కూడా ఇలా కలపడానికి బాగుంటుంది, దాని పరిమళం వేడికి ఇంకా లేస్తుంది. మల్గోబా, ఇమామ్ పసంద్ లాంటివి ఉడికించడం ఆ పండుకు అన్యాయం. వాటిని చల్లగా కోసి పక్కన పెట్టండి.

ఆపిల్ చేయాలనుకుంటే ఆగస్టు నుంచి నవంబరు వరకు ఆగండి. హిమాచల్, కశ్మీర్ కొత్త కాయ వచ్చేది అప్పుడే, ధర దిగేదీ అప్పుడే. ఎర్రగా నిగనిగలాడే మెత్తటి రకం ఉడికితే పిండిపిండిగా విరిగిపోతుంది. కొరికితే టక్కుమని విరిగే కాయ కావాలి. గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చది దొరికితే సగం అది, సగం అలా విరిగే ఎర్రది వేయండి. చెక్కు తీయండి. ఉడికాక తొక్క ముడుచుకుని పంటికి అడ్డుపడుతుంది. హైలో రెండున్నర గంటలు.

చలికాలంలో జామ ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు గానీ, క్రిస్ప్‌కు ఇది గొప్ప పండు. పెక్టిన్ దండిగా ఉంటుంది కాబట్టి రసం దానంతటదే చిక్కబడుతుంది, కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. గింజలున్న గుజ్జును చెంచాతో తీసేసి, గట్టి కండను మాత్రం ముక్కలు కోయాలి. తీసిన గుజ్జును పారేయకుండా పావు కప్పు నీళ్లతో మరిగించి, వడకట్టి, ఆ రసం ముక్కల మీద పోస్తే రుచి రెట్టింపు అవుతుంది. లోపల ఎర్రగా ఉండే రకమైతే రంగు చూడడానికే ముచ్చటగా ఉంటుంది. మెత్తబడడానికి మాత్రం మూడు గంటలు పడుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అనాస బాగుంటుంది కానీ నీరు ఎక్కువ వదులుతుంది. పైపొరను విడిగా వేయించుకునే పద్ధతిలోనే చేయండి. రైల్వే కోడూరు వైపు నుంచి వచ్చే బొప్పాయి నిమ్మరసం లేకపోతే చప్పన, అల్లం తురుము వేస్తే లేస్తుంది. అరటిలో నేంద్రం నిలుస్తుంది, చక్కెరకేళి కరిగిపోతుంది. సీతాఫలం ఎంత ఇష్టమైనా దీనిలో వేయకండి, వేడికి చేదెక్కుతుంది. పుచ్చకాయ, కర్బూజ నీళ్లే తప్ప ఇంకేమీ మిగల్చవు.

పైపొర: కుండలోనా, బాణలిలోనా?

అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే. మూడు పద్ధతులున్నాయి.

ఎక్కువమంది చెప్పేది మొదటి నుంచీ పండు మీదే పైపొర పరిచి, మూత కింద శుభ్రమైన మందపాటి గుడ్డ బిగించడం. ఆవిరి గుడ్డకు పట్టి ఆగుతుంది, బొట్లు పొర మీద పడవు. గుడ్డ నాలుగు చెంగులూ పైకి మడిచి మూత పిడికి కట్టాలి. కిందికి వేలాడితే వేడి గోడకు తగిలి కమిలే ప్రమాదం ఉంది. ఇలా చేస్తే పైపొర మెత్తగా, అడుగున పండు రసం పీల్చుకుని, పైన కాస్త పొడిగా వస్తుంది. ఇది క్రిస్ప్ కాదు, అలాగని చెడ్డదీ కాదు. పళ్లు లేని తాతలకు, చిన్నపిల్లలకు ఇదే నచ్చుతుంది. పెద్దవాళ్లు ఎక్కువున్న ఇంటికి నేను ఇదే చెబుతాను.

రెండోది, మొదట పండును ఒక్కదాన్నే ఉడికించి, చివరి ముప్పావు గంటలో పైపొర వేసి, మూతను ఒక చెక్క గరిటె అడ్డం పెట్టి ఓరగా తెరిచి ఉంచడం. కొంత ఆవిరి పోతుంది, కొంత కరకర వస్తుంది. అయితే మూత తీసినప్పుడల్లా లోపలి వేడి జారిపోతుంది, కోలుకోవడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. శ్రమకు తగ్గ ఫలితం రాదు. నేను దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

మూడోది, పండు కుండలో, పైపొర బాణలిలో. వడ్డించేటప్పుడే రెండూ కలుస్తాయి. నేను గట్టిగా చెప్పదలచింది ఇదే. పండు ఎంతసేపు వార్మ్‌లో ఉన్నా పైపొరకు ఏమీ కాదు, ఎందుకంటే అది డబ్బాలో ఉంది. ఆరింటికి వచ్చినవాళ్లకూ, తొమ్మిదింటికి వచ్చినవాళ్లకూ ఒకే కరకర. వేయించడం కష్టమేమీ కాదు. మందపాటి బాణలిలో వెన్నో నెయ్యో కరిగించి, ఓట్సు వేసి, సన్నసెగ మీద ఐదారు నిమిషాలు కలుపుతూ, తర్వాత పిండి వేసి ఇంకో నాలుగైదు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. చక్కెరను దించే ముందు వేసి ఒక నిమిషం తిప్పి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచాలి. బాణలిలో ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది, చల్లారాకే గట్టిపడుతుంది. ఇంకా కరకర రాలేదని మరింత వేయిస్తే మాడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ తేమలో పళ్లెంలో వదిలిన పొడి గంటలోనే మెత్తబడుతుంది. చల్లారగానే గాలి చొరని డబ్బాలో పెట్టి బిగించేయండి.

పొరలో ఏం వేయాలన్న ప్రశ్నకు వద్దాం. ఓట్సులో రోల్డ్ రకమే కావాలి. రెండు నిమిషాల్లో ఉడికే ఇన్‌స్టంట్ రకం పొడిపొడిగా విరిగి ముద్దవుతుంది. ఓట్సు లేకపోతే మందపాటి అటుకులు ఓట్సు కంటే ఒక మెట్టు మెరుగ్గా ఉంటాయని నా అభిప్రాయం. ముందు ఉత్త బాణలిలో కరకరలాడేదాకా వేయించి, చేత్తో కొంచెం నలిపి, తర్వాత నెయ్యి వేయాలి. బొరుగులు వద్దు, పండు తడి తగలగానే చప్పబడిపోతాయి.

పిండి విషయంలో మైదా అక్కర్లేదు. గోధుమపిండి సగం, రాగిపిండి సగం వేయండి. సంగటి తినే ఇళ్లలో రాగిపిండి ఎప్పుడూ ఉండేదే. నెయ్యిలో వేగిన రాగిపిండి వాసన మామిడి పులుపుకు బాగా తోడవుతుంది, రంగు కూడా ముదురుగా వస్తుంది. మొత్తం రాగిపిండే వేస్తే మాత్రం ఇసుకలా రాలుతుంది, ఉండలు కట్టదు. పైన బాదం, వాల్‌నట్ల బదులు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ గింజలు వేయండి. అవి పాతబడి ముక్కిన వాసన వస్తున్నాయేమో ముందే ఒక గింజ నోట్లో వేసుకుని చూడండి. ఒక్క చేదు గింజ మొత్తం పొరను పాడుచేస్తుంది.

వెన్నా, నెయ్యా? కుండలోనే పైపొర వేసే మొదటి పద్ధతికి చల్లటి వెన్న మంచిది. పిండిలో వేళ్లతో నలిపితే చిన్న చిన్న ఉండలు కడుతుంది. బాణలి పద్ధతికి నెయ్యి మంచిది. వెన్నలో ఆరో వంతు దాకా నీరుంటుంది, నెయ్యిలో ఉండదు. కాబట్టి నెయ్యితో వేయించింది ఎక్కువసేపు కరకరగా ఉంటుంది. వెన్న 80 గ్రాములు అన్నచోట నెయ్యి 65 గ్రాములు చాలు. ఉప్పు కలిపిన వెన్న వాడితే విడిగా ఉప్పు వేయకండి.

బెల్లమా, చక్కెరా అన్నదానికి నా జవాబు: కింద బెల్లం, పైన చక్కెర. బెల్లం గాలిలోని తేమను లాక్కుంటుంది. పైపొరలో వేస్తే త్వరగా మెత్తబడుతుంది, బాణలిలో త్వరగా మాడుతుంది. పండులో వేస్తే అదే బెల్లం చిక్కటి పాకమై ముక్కకు పట్టుకుంటుంది. చిత్తూరు బెల్లంలో పసుపుగా మెరిసేదాన్ని వదిలి, ముదురు రంగుది తీసుకోండి. ఆ మెరుపు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు, రుచి మాత్రం ముదురు బెల్లానిదే. ఇసుక ఉంటుందని అనుమానముంటే రెండు చెంచాల నీళ్లతో కరిగించి వడకట్టండి. అంతకు మించి నీళ్లు పోయకూడదు. స్లో కుక్కర్‌లో నీరు ఇగరదు, పోసినదంతా అక్కడే ఉంటుంది.

కొలతలు

ఆరుగురికి: ముక్కలు కిలో, తురిమిన బెల్లం తోతాపురికి 120 గ్రాములు, ఆపిల్‌కు 100, జామకు 100, బంగినపల్లికి 50 చాలు. నిమ్మరసం ఒక టేబుల్ స్పూను, తోతాపురి బాగా పుల్లగా ఉంటే అదీ వద్దు. కార్న్‌ఫ్లోర్ ఆపిల్‌కు ఒక టేబుల్ స్పూను, తోతాపురికి ఒకటిన్నర, బంగినపల్లికి రెండు, అనాసకు మూడు. పొడిగానే ముక్కలకు పట్టించాలి. మామిడికి యాలకులు, ఆపిల్‌కు దాల్చినచెక్క, జామకు శొంఠి, అనాసకు రెండు మిరియాలు దంచి వేయండి. ఒక్కో పండుకు ఒక్క సువాసనే చాలు, అన్నీ కలిపితే పండు కనిపించదు. పైపొరకు ఓట్సు లేదా అటుకులు 100 గ్రాములు, గోధుమ, రాగి పిండ్లు 30 గ్రాముల చొప్పున, చక్కెర 60, నెయ్యి 65, వేరుశనగ 50, చిటికెడు ఉప్పు.

కుండ లోపల నెయ్యి రాసి, ముక్కలు వేసి, మూత పెట్టి, చెప్పిన సమయం అయ్యేదాకా తెరవకండి. హైకీ లోకీ మధ్య తేడా ఎంత వేడి అన్నది కాదు, ఆ వేడికి ఎంతసేపట్లో చేరుతుందన్నది. రెండూ చివరికి మరుగు దగ్గరికే వస్తాయి. మీరు ఇంట్లో ఉంటే హై, బయటికి వెళ్తుంటే లో. చివర్లో రసం ఇంకా పలచగా కనిపిస్తే మూత తీసి హైలో ఇరవై నిమిషాలు వదిలేయండి, మళ్లీ కార్న్‌ఫ్లోర్ కలపకండి.

వార్మ్‌లో పెట్టాక మూడు గంటలు దాటనివ్వకండి. పండు పాడవదు కానీ అంచులు నల్లబడతాయి, ముక్కలు చితుకుతాయి. అంతకంటే ఆలస్యమయ్యేట్టుంటే ఆపేసి, వాళ్లు కొండ దిగి బస్టాండు నుంచి ఫోన్ చేశాక మళ్లీ హైలో పెట్టండి. ఆటోలో ఇల్లు చేరి, కాళ్లూ చేతులూ కడుక్కుని, అన్నాలు తినే లోపు వేడెక్కుతుంది. ఆపి ఉంచిన సమయం రెండు గంటలు మించితే ఫ్రిజ్‌లోకే మార్చాలి.

తోడుగా వెనీలా ఐస్‌క్రీమ్ అందరికీ తెలిసిందే. తోతాపురి క్రిస్ప్‌కు చల్లటి చిక్కని మీగడ దానికంటే బాగుంటుంది. పాలు పోయాలనుకుంటే వేడి పాలు వద్దు. పండు పులుపుకూ బెల్లానికీ విరుగుతాయి.

మిగిలితే పండును స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మూడు రోజులు బాగుంటుంది. కుండతో సహా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అలాగే కుక్కర్‌లో దించి స్విచ్ వేస్తే చల్లటి కుండ పగలొచ్చు. చిన్న గిన్నెలో పొయ్యి మీదే వెచ్చచేసుకుని, డబ్బాలోని పొడి పైన చల్లుకోండి. పొడి ఒక్కటే వారం పైన నిలుస్తుంది. పొద్దున పెరుగులోకీ, అరటిపండు ముక్కల మీదికీ అదే పనికొస్తుంది కాబట్టి చేసేటప్పుడే రెండింతలు వేయించి పెట్టుకోండి.